ఎవరికి బాగోలేదు? – వావుత్లా ప్రయాణం

బుధవారం, మెక్సికో సిటీ

దిగిన రోజు హాయిగా పడుకుని అలసట తీర్చుకుందామనుకున్నాను కానీ తమ్ముడు వినలేదు, ఆంత్రోపాలజీ మ్యూజియంలో ఒక్క విగ్రహం చూసొద్దాం అక్కా అని పట్టుబట్టాడు. ఆ విగ్రహం షోచిపిల్లిది. ఆజ్టెక్‌లకు పూలకీ పాటకీ ఆటకీ దేవుడు. పీఠం మీద కాళ్లు మడిచి కూర్చుని, తల కాస్త పైకెత్తి, ముఖానికి తొడుగు వేసుకుని ఉంటాడు. ఒంటినిండా పూలు చెక్కి ఉన్నాయి. అందులో పొగాకు పువ్వు ఉంది, గింజలు మత్తునిచ్చే ఒలొలియుకి తీగ పువ్వు ఉంది, పీఠం మీద గుండ్రంగా ఉన్నవి పుట్టగొడుగులే అని గోర్డన్ వాసన్ అనే అమెరికన్ వాదించాడు. తమ్ముడు ఆ పీఠం చుట్టూ తిరుగుతూ ప్రతి పువ్వునీ ఫోన్లో ఫొటో తీశాడు. నాకు మాత్రం ఆ పైకెత్తిన తలే కళ్ల ముందు నిలిచింది, ఏదో వింటున్నవాడిలా ఉన్నాడు తప్ప చూస్తున్నవాడిలా లేడు.

పుట్టగొడుగులు తిని దేవుళ్లతో మాట్లాడటం ఇక్కడ స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉంది. నహువా భాషలో వాటిని తియోనానకత్ల్ అనేవారు. 16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సహగున్ అనే పాద్రీ వర్తకుల విందు గురించి రాస్తూ, వాళ్లు వీటిని తేనెతో తినేవారని, తిన్నాక కొందరు పాడేవారని, కొందరు ఏడ్చేవారని, ఒకడికి తను యుద్ధంలో పట్టుబడినట్టు, ఒకడికి అడవి మృగం తనను తినేసినట్టు, ఇంకొకడికి ధనవంతుడైనట్టు కనబడేదని, మత్తు దిగాక అందరూ కూర్చుని ఎవరేం చూశారో చెప్పుకునేవారని వివరంగా రాశాడు. చర్చి దీన్ని సైతాను పని అంది, దాంతో అంతా చాటుకు వెళ్లిపోయింది. ఎంత చాటుకంటే 1915లో శాఫర్డ్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు అసలు అలాంటి పుట్టగొడుగే లేదు, పాతకాలం వాళ్లు పెయోటె అనే మత్తునిచ్చే జెముడు ఎండిన ముక్కల్ని చూసి పొరబడ్డారు అని తేల్చేశాడు. ఆయన అలా రాస్తున్న రోజుల్లోనే వహాకా కొండల్లో మసాతెక్ జాతివాళ్లు రాత్రిళ్లు తలుపులు వేసుకుని అవే తింటున్నారు. మేం వెళ్తున్నది ఆ కొండల్లోని వావుత్లా అనే ఊరికే.

ఎందుకు వెళ్తున్నామో కూడా చెప్పాలి. నాన్న 2021 మేలో రాజమండ్రిలో పోయారు, కోవిడ్ రెండో వేవ్‌లో. తమ్ముడు న్యూజెర్సీలో, నేను ఆస్టిన్‌లో. అప్పుడు ఇండియా వెళ్తే వీసా స్టాంపింగ్ లేదు, తిరిగొచ్చే దారి లేదు. కర్మంతా బాబాయిగారి అబ్బాయి చేశాడు, వీడు వాట్సాప్ వీడియోలో చూశాడు. అప్పటినుంచి వీడికి నిద్ర సరిగ్గా లేదు. తర్వాత అరుణాచలం వెళ్లాడు, గిరిప్రదక్షిణ చేశాడు, విపాసనలో పది రోజులు మౌనంగా కూర్చున్నాడు, చివరికి ఈ పుట్టగొడుగుల దగ్గరికి వచ్చాడు. ఆత్మదర్శనం కావాలంటాడు. వద్దని చెప్పి చూశాను. ఒంటరిగా పోయి ఎవరో పెట్టింది తినడం కంటే నేను పక్కన ఉండటం నయమనిపించి బయల్దేరాను. నేను మాత్రం తినను అని ముందే చెప్పాను. వాడు డాక్టర్‌ని కలిశాడు, గుండె పరీక్షలు చేయించుకున్నాడు. మా ఇంట్లో ఎవరికీ స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి లేవని నేను అమ్మని అడిగి కనుక్కున్నాను. ఉండి ఉంటే కాళ్లకి అడ్డంపడైనా ఆపేదాన్ని.

గురువారం, కొండదారి

తెల్లవారుజామున తాపో బస్ స్టేషన్లో తెవాకాన్ బస్సెక్కాం. తెవాకాన్ దాటాక లోయంతా స్తంభాల్లాంటి బ్రహ్మజెముడు చెట్లు, కొన్ని ఇంటికంటే ఎత్తు. ఈ లోయ 2018లో యునెస్కో జాబితాలో చేరింది. ఎండ, దుమ్ము, ఎర్రమట్టి. తియోతిత్లాన్‌లో దిగి వ్యాన్ మారాం. అక్కడినుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది, ఒక మలుపు దాటగానే ఎండ పోయి మబ్బు మొదలైంది, తర్వాత దారంతా మబ్బులోనే.

బస్సులో సోమరసం గొడవ పడ్డాం. వాడి దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఋగ్వేదంలోనే ఉంది కదక్కా, సోమం తాగాం, అమృతులమయ్యాం, వెలుగుని చేరాం, దేవతల్ని తెలుసుకున్నాం అని, అంటాడు. పతంజలి కూడా సిద్ధులు వచ్చే దారులు చెబుతూ పుట్టుకతోనో, మంత్రంతోనో, తపస్సుతోనో, సమాధితోనో వచ్చినట్టే ఓషధితోనూ వస్తాయన్నాడు కదా, మనకి ఇది కొత్తేం కాదు, మధ్యలో మర్చిపోయాం, అంతే, అంటాడు. ఇందులో అబద్ధం లేదు. మనం ఇందాక చెప్పుకున్న గోర్డన్ వాసన్ 1968లో సోమం అంటే ఎర్రటి టోపీ మీద తెల్ల చుక్కలుండే అమానిటా మస్కారియా పుట్టగొడుగు అని ఒక పెద్ద పుస్తకం రాశాడు. జాన్ బ్రో లాంటి సంస్కృత పండితులు ఒప్పుకోలేదు. కొందరు ఎఫెడ్రా మొక్క అన్నారు. ఇప్పటికీ తేలలేదు.

నేను చెప్పింది వేరే. కోనసీమలో మా తాతగారి ఊళ్లో ఒక సోమయాజులుగారు ఉండేవారు, యజ్ఞం చేసినవారు. అక్కడ దంచి పిండేది సోమలత అనే తీగ. అది తాగితే ఎవరికీ ఏ వెలుగూ కనబడదు. మరి ఆయన జీవితమంతా ఆ అగ్నులు ఎందుకు కాపాడుకున్నారు? ఆయనకి కావలసింది ఏదో కనబడటం కాదు, చేయవలసింది చేయడం. తమ్ముడు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాడు, తర్వాత, నాకు చేసే అవకాశమే రాలేదు కదక్కా అన్నాడు. నేనింక మాట్లాడలేకపోయాను.

వాసన్ ఈ దారిన కంచరగాడిద మీద వచ్చాడు, అప్పటికి రోడ్డు లేదు. జె.పి. మోర్గన్ బ్యాంకులో వైస్ ప్రెసిడెంట్ ఆయన. భార్య వలెంతీనా పావ్లొవ్నా రష్యాలో పుట్టిన పిల్లల డాక్టరు. 1927లో హనీమూన్‌కి వెళ్లినప్పుడు ఆవిడ అడవిలో పుట్టగొడుగులు కోసుకొచ్చి వండితే ఆయన విషమేమోనని హడలిపోయాడట, ఒక జాతివాళ్లు ప్రేమించేదాన్ని ఇంకో జాతివాళ్లు ఎందుకు అసహ్యించుకుంటారు అని ఇద్దరూ జీవితాంతం వెతికారు. వావుత్లాలో ఉండి మసాతెక్ భాష నేర్చుకున్న యూనిస్ పైక్ అనే మిషనరీ ఆయనకి ఉత్తరంలో ఇక్కడి సంగతులు రాసింది. 1953లో మొదటిసారి వచ్చినప్పుడు, ఊరికే చూడటానికి అంటే ఇక్కడెవరూ కూర్చోబెట్టరని తెలిసి, దూరంగా ఉన్న కొడుకు గురించి బెంగగా ఉందని కారణం చెప్పాడు. 1955 జూన్ 29 రాత్రి ఫొటోగ్రాఫర్ అలన్ రిచర్డ్‌సన్‌తో కలిసి మరియా సబీనా అనే ఆవిడ దగ్గర కూర్చుని తిన్నాడు. 1957 మే 13 లైఫ్ మ్యాగజైన్లో ఆ రాత్రి గురించి వ్యాసం వచ్చింది. ఆవిడకి ఇబ్బంది కాకూడదని పేరు మార్చి ఎవా మెండెస్ అని రాశాడు, ఊరి పేరు కూడా దాచాడు. ఏ లాభం లేకపోయింది.

చీకటి పడ్డాక ఊరు చేరాం. చలి, సన్నటి వాన. గదిలో రెండేసి దుప్పట్లు.

శుక్రవారం, వావుత్లా

పొద్దున మబ్బు విడిచాక చూస్తే ఊరు కొండ వాలుకి అతుక్కుని ఉంది, వీధులన్నీ ఎక్కడమో దిగడమో. సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్లు. ఆడవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లు, పక్షులూ పూలూ కుట్టిన విపీల్ అనే వదులు చొక్కా వేసుకుంటారు, గులాబీ నీలం రిబ్బన్లు అడ్డంగా కుట్టి ఉంటాయి. గోడల మీద పుట్టగొడుగుల బొమ్మలు, మరియా సబీనా సిగరెట్ తాగుతున్న బొమ్మలు. ప్రభుత్వం 2015లో దీనికి మ్యాజిక్ ఊరు అనే టూరిస్ట్ బిరుదు ఇచ్చింది. కొండ కింద గుహలు 1,500 మీటర్లకు పైగా లోతుకు దిగుతాయట, వాటికోసం కూడా ప్రపంచమంతటినుంచీ వస్తారు. ఇక్కడి కాఫీ చాలా బాగుంది.

ఒక్క మాట కూడా లేకుండా, ఈల మీదే ఇద్దరు మగవాళ్లు వీధికి ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు మాట్లాడుకోవడం విన్నాం. మసాతెక్ భాషలో స్వరం హెచ్చుతగ్గులతోనే అర్థం మారుతుంది కాబట్టి ఆ స్వరాన్ని ఈలగా వేసినా అవతలివాడికి తెలుస్తుంది. మాకు తోడుగా వచ్చిన కుర్రాడు (మాస్టారు పని చేస్తాడు, స్పానిష్ నేను మాట్లాడతాను కాబట్టి మధ్యలో అతను మసాతెక్ చూసుకున్నాడు) ఆ ఇద్దరూ మొక్కజొన్న ధర గురించి మాట్లాడుకున్నారు అన్నాడు.

మధ్యాహ్నం ఎల్ ఫోర్తీన్ కొండ మీద మరియా సబీనా ఇంటికి వెళ్లాం. 1894లో పుట్టింది. మూడేళ్లప్పుడే తండ్రి పోయాడు. చిన్నప్పుడు చెల్లెలితో కలిసి మేకలు కాస్తూ ఆకలికి ఆ పుట్టగొడుగులు తినేవారట. పెళ్లయ్యాక భర్త ఉన్నంతకాలం ముట్టలేదు, అది నియమం. చెల్లెలికి ప్రాణం మీదికి వస్తే ఆమె కోసం మళ్లీ తింది, ఆ రాత్రే తనకి ఒక గ్రంథం ఇచ్చారని చెప్పింది. చదవడం రాయడం రాని మనిషి, స్పానిష్ కూడా రాదు, ఆ గ్రంథాన్ని మాత్రం చదివి పాడానంది. చెల్లెలు బతికింది. అల్వారో ఎస్త్రాదా అనే మసాతెక్ యువకుడు ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని 1977లో ప్రచురించాడు, మనకి ఇదంతా తెలిసింది అలాగే.

అందులో ఆవిడ అన్న మాటే నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది. వాసన్‌కి ముందు ఎవరూ దేవుణ్ని కనుక్కోవడం కోసం వాటిని తినలేదు, రోగం నయం కావడానికే తిన్నారు అంటుంది. పుట్టగొడుగుల్ని ఇక్కడ పేరుపెట్టి పిలవరు, పవిత్రమైన చిన్నపిల్లలు అంటారు. తెల్లవాళ్లు వచ్చాక పిల్లల బలం పోయింది అని కూడా అంది. లైఫ్ వ్యాసం తర్వాత ఏం జరిగిందో ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1956లోనే సి.ఐ.ఎ. డబ్బుతో జేమ్స్ మూర్ అనే కెమిస్టు వాసన్ బృందంలో కలిసి ఇక్కడికి వచ్చాడు, మనసుల్ని అదుపు చేసే మందు దొరుకుతుందేమోనని. ఆ తర్వాత హిప్పీలు వందల్లో వచ్చారు, వీధుల్లో పగటిపూట తిని తిరిగారు. 1969 నుంచి కొన్నేళ్లు సైన్యం దారి మూసేసింది. ఊరివాళ్లు మరియా సబీనానే తప్పుపట్టారు, ఇల్లు తగలబెట్టారు. 1985లో పేదరాలిగానే పోయింది. బాసెల్‌లో సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో ఇదే పుట్టగొడుగులోంచి సైలోసిబిన్‌ని విడదీశాడు, ఆ పేరుమీద ఇవాళ ఎన్నో కంపెనీలు నడుస్తున్నాయి, ఈ కొండకి అందులోంచి ఏం వచ్చింది అని నేను అడగాలనుకుంటున్నాను, గట్టిగానే.

సాయంత్రం మా బసలో గోల. యూరప్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు వీధిలో కొన్నవి గదిలో ఒక్కడే పగలే తినేశాడు. వణికిపోతూ, గోడలు దగ్గరికొస్తున్నాయని అరుస్తూ మెట్ల మీద కూర్చున్నాడు. బస నడిపే ముసలావిడ వాడి పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, సుమారు మూడు గంటలు కదల్లేదు. పగలు తింటే మతి పోతుంది, చీకట్లో, తెలిసినవాళ్ల ముందు తినాలి అంది. ఆవిడ ముఖంలో విసుగు లేదు, అలసట ఉంది. ప్రతి వానాకాలం ఇంతే అంది. తమ్ముడు అది చూసి రాత్రి భోజనం సగంలో వదిలేశాడు.

శనివారం, పగలు

మాస్టారు మమ్మల్ని ఊరికి దూరంగా ఒక ఇంటికి తీసుకెళ్లాడు. నాలుగు రోజుల ముందునుంచీ మద్యం, శృంగారం లేకుండా ఉండాలని ఫోన్లోనే చెప్పి ఉన్నాడు, తర్వాత ఇంకో నాలుగు రోజులు కూడా. మాలవేసిన ఇంట్లో పెరిగినవాళ్లం, మాకది కొత్తగా అనిపించలేదు.

ఆ ఇంట్లో వైద్యం చేసే ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. మట్టి నేల, రేకుల కప్పు, ఒక మూల గ్వాదలూపే మాత పటం, బాలయేసు పటం, పూలు, కొవ్వొత్తులు. వీళ్లలో తెలిసినవాళ్లని చోతా చీనే అంటారు. మాకు కాఫీ ఇచ్చి, తమ్ముణ్ని ఒకే ఒక ప్రశ్న అడిగింది: ఎవరికి బాగోలేదు?

తమ్ముడు తను సిద్ధం చేసుకున్నది చెప్పాడు. నేనెవరో తెలుసుకోవాలని, దైవాన్ని అనుభవించాలని. నేను స్పానిష్‌లోకి, మాస్టారు మసాతెక్‌లోకి. ఆవిడ విని మాస్టారుతో ఏదో అంది, అతను కొంచెం మొహమాటపడుతూ, ఆవిడ మళ్లీ అదే అడుగుతోంది అన్నాడు. ఎవరికి బాగోలేదు? తమ్ముడు మళ్లీ మొదలుపెట్టబోయాడు, ఆవిడ చేయి అడ్డం పెట్టింది, కోపంగా కాదు. ఎవరికీ ఏమీ లేకపోతే పిల్లల్ని లేపకూడదు, ఊరికే నిద్రలేపితే వాళ్లకి పని ఉండదు, నీకు మంచిది కాదు, వాళ్లకీ మంచిది కాదు అంది.

అప్పుడు వాడు తెలుగులో, నా వైపు చూస్తూ చెప్పాడు. నాకు నిద్ర పట్టదక్కా, కళ్లు మూస్తే ఫోన్ స్క్రీన్ కనబడుతుంది, నాన్నని ప్లాస్టిక్‌లో చుట్టి ఉంది, వీడియో మధ్యలో ఆగిపోయింది, మళ్లీ కలిసేసరికి అయిపోయింది, నాకు ఆ మధ్యలోది కావాలి. ఇన్నేళ్లలో ఈ మాట నాతో అనలేదు. నేను దీన్ని స్పానిష్‌లో ఎలా చెప్పానో నాకు గుర్తులేదు, చెప్పాను.

ఆవిడ నాన్న పేరు అడిగింది. ఊరు అడిగింది. బూడిద ఎక్కడ కలిపారంది. గోదావరి అని చెప్పాం, రెండు మూడుసార్లు పలికించుకుంది. మొక్కజొన్న గింజలు గుడ్డ మీద వేసి చాలాసేపు చూసి, ఈ రాత్రి రమ్మంది. అక్క కూడా రావాలి, తినకుండా మెలకువగా ఒకరుండాలి అంది.

శనివారం, రాత్రి

పొద్దున్నించి ఏమీ తినకుండా వెళ్లాడు. కోపల్ ధూపం వేసింది, సాంబ్రాణికి దగ్గరి వాసన. సున్నంతో కలిపి దంచిన పచ్చి పొగాకు తమ్ముడి మోచేతుల మడతల్లో రాసింది. తేమ తుడవని పుట్టగొడుగుల్ని ధూపం మీద తిప్పి, జంటలు జంటలుగా లెక్కపెట్టి ఇచ్చింది, ఎప్పుడూ జంటలే, ఆడ మగ. తనూ తింది, రోగి ఒక్కడే తిని వైద్యురాలు పక్కన నోట్స్ రాసుకునే పద్ధతి కాదు ఇది. మెల్లగా నమలమంది. అరగంటకి కొవ్వొత్తి ఆర్పేసింది.

చీకటిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆవిడ పాడటం మొదలుపెట్టింది. పాట అంటే పాట కాదు, చిన్న చిన్న వాక్యాలు, ఒక్కోటీ కిందటి దానిమీద ఎక్కుతున్నట్టు, మధ్యలో చప్పట్లు, ఈల, ఒక్కోసారి నోట్లోంచి గాలి వదలడం. తమ్ముడు మొదట నవ్వాడు, ఆపుకోలేక. తర్వాత వాంతి చేసుకున్నాడు, నేను గిన్నె పట్టుకున్నాను. తర్వాత చాలా భయపడ్డాడు, అది చెప్పకుండా ఉండలేను. నా మణికట్టు నొప్పెట్టేలా పట్టుకుని, తలుపు తీయక్కా, లోపలికి రానివ్వడంలేదు వాళ్లు, తలుపు తీయి అని అన్నాడు. ఎవరు రానివ్వడంలేదో నాకు తెలుసు. ఆసుపత్రి గేటు అది. నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి, ఆపేయమని అరుద్దామనుకున్నాను, ఆవిడ ఆ చీకట్లోనే వాడి దగ్గరికి జరిగి, రెండు చేతులూ వాడి తలమీద పెట్టి, పాట ఆపకుండా, ఆ పాట మధ్యలో నాన్న పేరు పలికింది.

తర్వాత గోదావరి అంది. తనకి వచ్చినట్టు, గొతావరి అని. ఆ పేరుని పట్టుకుని చాలాసేపు పాడింది, దాని పక్కన ఇక్కడి కొండల పేర్లు, నీళ్ల పేర్లు, సెయింట్ల పేర్లు, మళ్లీ గోదావరి, మళ్లీ నాన్న. మసాతెక్ పాటలో రాజమండ్రి మనిషి పేరు ఏ గోడలూ లేని ఇంట్లో తిరుగుతున్నట్టు తిరిగింది. తమ్ముడు గట్టిగా ఏడ్చాడు, నాన్న పోయిన రోజు కూడా ఏడవనివాడు. నేను కూడా ఏడ్చాను, నేనేమీ తినలేదు.

ఎన్ని గంటలైందో తెలియలేదు, మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది అంటారు. చివర్లో వాడు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు, నాన్న చేతుల గురించి, వేలికి ఉన్న పాత ఉంగరం గురించి, సైకిల్ నేర్పించేటప్పుడు సీటు వెనక పట్టుకోవడం గురించి. ఆవిడ కొవ్వొత్తి వెలిగించి, అందరికీ ఒక్కో చాక్లెట్ ముక్క ఇచ్చి, నాలుగు రోజులు ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు, ఎవరిమీదా కోప్పడొద్దు అంది. మీ నది దగ్గరికి వెళ్లినప్పుడు దీపం నువ్వే పెట్టు అంది. వాడికి ఏం కనబడింది అని అడగనేలేదు.

ఆదివారం

సంత రోజు. కొండ ఊళ్లనుంచి వీపు మీద బుట్టలతో వచ్చారు. మిరపకాయలు, ఆకుకూరలు, ముద్ద బెల్లం, కాఫీ గింజలు. అరటాకులో చుట్టి కాల్చిన చికెన్ మాకు చాలా నచ్చింది, దాన్ని పిల్తె అంటారు.

వాడు మారిన మనిషేం కాదు. కడుపు బాగోలేదు, కళ్లు వాచి ఉన్నాయి, రాత్రి మిగిలిన కాసేపు కూడా నిద్ర పట్టలేదన్నాడు. దేవుడు కనబడలేదక్కా, వెలుగు అదీ ఏం లేదు, రంగులు కాసేపు ఉన్నాయి, తర్వాత ఆసుపత్రి, తర్వాత మన పాత ఇల్లు అన్నాడు. నిరాశగా ఉందా అంటే, ఆలోచించి, లేదు అన్నాడు.

ఇక్కడ నాకు 2006లో జాన్స్ హాప్కిన్స్‌లో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం చేసిన అధ్యయనం గుర్తొస్తుంది, వీడే నాకు చదివించాడు. ఆరోగ్యంగా ఉన్న 36 మందికి సైలోసిబిన్ ఇచ్చారు, సోఫా, కళ్లకి గంతలు, సంగీతం, పక్కన ఇద్దరు శిక్షణ పొందినవాళ్లు. రెండు నెలల తర్వాత అడిగితే 67 శాతం మంది జీవితంలో అతి ముఖ్యమైన ఐదు అనుభవాల్లో ఇదొకటి అన్నారు. అందులోనే దాదాపు మూడోవంతు మంది విపరీతంగా భయపడ్డారు కూడా, అది ఎవరూ గట్టిగా చెప్పరు. శరీరంలోకి వెళ్లాక సైలోసిబిన్ సైలోసిన్‌గా మారి మెదడులో సెరటోనిన్ గ్రాహకాల్ని, ముఖ్యంగా 2ఎ అనేవాటిని తాకుతుంది, నేను నేను అని ఎప్పుడూ అల్లుకుంటూ ఉండే మెదడు వలయం కాసేపు సడలుతుంది. ఇదంతా నిజమే, నాకు సైన్స్ మీద గౌరవం ఉంది. కానీ అక్కడ అడిగేది నీకేం కనిపించింది, ఎంత గాఢంగా అనిపించింది, వందకి ఎన్ని మార్కులు వేస్తావు అని. ఇక్కడ అడిగేది ఎవరికి బాగోలేదు అని. నేను అనుకుంటున్నది, ఈ రెండు ప్రశ్నల మధ్య దూరమే మొత్తం విషయం. అరుణాచలంలో, విపాసనలో, ఆ పాడ్‌కాస్టుల్లో ఎక్కడా వీణ్ని ఎవరూ ఆ రెండో ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు, నాకు కూడా అడగాలని తట్టలేదు, మేమంతా వాడి వెతుకులాట గొప్పదనుకుని గౌరవంగా పక్కకి తప్పుకున్నాం.

1962లో హాఫ్‌మన్ సైలోసిబిన్ మాత్రలు తెచ్చి మరియా సబీనాకి ఇస్తే, ఆవిడ వేసుకుని, వీటిలోనూ అదే శక్తి ఉంది అని ఒప్పుకుంది, వానాకాలం కాకపోయినా వైద్యం చేయొచ్చు అని సంతోషించింది కూడా. ఆవిడకి మందు ఏ రూపంలో ఉందన్న పట్టింపు లేదు. ఎదురుగా రోగి ఉన్నాడా లేడా అన్నదే ఉంది.

సాయంత్రం తమ్ముడు అమ్మకి ఫోన్ చేశాడు. రాత్రి సంగతి చెప్పలేదు. 2027 గోదావరి పుష్కరాలకి వస్తాను, నాన్నకి పిండం నేనే పెడతాను, ముందే సెలవు పెట్టుకుంటాను అన్నాడు. ఈలోపు తద్దినం ఏ తిథి అని అడిగాడు. అమ్మ చెప్పింది, వైశాఖం అని మొదలుపెట్టి, తర్వాత పక్కింటివాళ్ల సంగతులన్నీ చెప్పింది, వాడు గంటన్నర విన్నాడు.

సోమవారం, దిగువకి

వ్యాన్‌లో మళ్లీ మబ్బు, మళ్లీ మలుపులు. వాడి స్నేహితులు అప్పటికే మెసేజ్‌లు పెడుతున్నారు, ఎక్కడ, ఎవరు, ఎంత తీసుకున్నారు, మేమూ వస్తాం అని. వాళ్లలో నిజంగా బాధలో ఉన్నవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. వాడు పంపిద్దామా అన్నాడు. నేను వద్దన్నాను. ఎవా మెండెస్ అని పేరు మార్చి రాసినా ఒక ఇల్లు తగలబడింది, మనం వాట్సాప్‌లో లొకేషన్ పెడితే ఆ రేకుల ఇంటి ముందు వచ్చే వానాకాలానికి ఎన్ని కార్లు ఆగుతాయో అన్నాను. వాడు చాలా దూరం వాదించాడు, బాధలో ఉన్నవాళ్లకి దారి చెప్పకపోవడం స్వార్థం కదా అని. అందులో న్యాయం ఉంది. చివరికి తియోతిత్లాన్ చేరేసరికి, అడిగినవాళ్లని ముందు నీకు ఏం బాగోలేదు అని నేనే అడుగుతాను, తర్వాత చూద్దాం అన్నాడు.

కాబట్టి ఇందులో ఆవిడ పేరు లేదు, మాస్టారు పేరు లేదు. అడిగినా చెప్పను. మెక్సికో చట్టంలో సైలోసిబిన్ నిషేధమే, స్థానిక జాతుల ఆచారాలకి మినహాయింపు ఉంది, ఆ మినహాయింపు టూరిస్టుని కాపాడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మన దేశంలో మత్తుమందుల మీద ఉన్న ఎన్.డి.పి.ఎస్. చట్టం కింద నేరం, కొడైకెనాల్‌లో ఎవరో అమ్ముతున్నారని వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అమెరికాలో ఒరెగాన్ 2020లో ఓటేసి ఒప్పుకుంది, 2023 నుంచి లైసెన్స్ ఉన్న కేంద్రాలు నడుస్తున్నాయి. లిథియం వాడేవాళ్లు దీని జోలికే వెళ్లకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మానసిక రోగాలు కుటుంబంలో ఉన్నవాళ్లు కూడా. డిప్రెషన్ మందులు వాడేవాళ్లు దీనికోసమని వాటిని సొంతంగా ఆపేయకండి, ఇది నేను చేతులు పట్టుకుని చెబుతున్నట్టు అనుకోండి.

తెవాకాన్‌లో బస్సు కోసం రెండు గంటలు ఆగాల్సి వచ్చింది. స్టాండ్ పక్క చర్చిలో తమ్ముడు నాన్న పేరున ఒక కొవ్వొత్తి పెట్టి వచ్చాడు, తర్వాత ఆకలేస్తోందన్నాడు, ఎదురుగా ఉన్న హోటల్లో బీన్స్, తోర్తియాలు, గుడ్లు చెప్పాం.